పడిపోవడానికి చోటు లేక

పెరటాసి మూడో శనివారం. తమిళ లెక్కలో పెరటాసి వెంకటేశ్వరస్వామి నెల. చిత్తూరు వాళ్ళకి ఈ మాట చాలు, మిగతాది చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఆ నెల శనివారాలన్నీ ఒక్కపొద్దు. మా నాయన ఉన్నన్నాళ్ళూ మూడో శనివారం అలిపిరి మెట్లెక్కి కొండకి పోయేవాడు. ఆయన పోయాక ఆ అలవాటు నాకొచ్చింది. బావమరిదిని తోడు తీసుకుని తెల్లవారుజామునే మొదలుపెట్టి 3550 మెట్లూ ఎక్కేశాను. నాకు 44 ఏళ్ళు. మోకాళ్ళు పట్టేసినాయి తప్ప వేరే ఇబ్బందేమీ లేదు. గాలిగోపురం దగ్గర బావమరిది టీ తాగాడు, నేను తాగలేదు. పైన లైన్లో సేవకులు మంచినీళ్ళు, మజ్జిగ తెచ్చి ఇస్తుంటే నేనే వద్దన్నాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగినదానికి ఎవరినీ అనడానికి లేదు కాబట్టి.

లైను ఒకచోట ఆగిపోయింది. ముందొకాయన వీపు, వెనకొకాయన పొట్ట, పక్కన ఇనుప కమ్మీ. మొదట ఆవలింతలు మొదలైనాయి. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. తర్వాత మెడ వెనక చల్లటి చెమట. గోవిందా గోవిందా అని అందరూ అరుస్తూనే ఉన్నారు, ఆ అరుపు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది. ముందాయన చొక్కా ఆకుపచ్చది. అది బూడిదరంగయింది, ఆ తర్వాత అదీ లేదు.

కళ్ళు తెరిచేసరికి నేలమీద ఎవరి ఒళ్ళోనో తల ఉంది. కుడిచేతిలో తాళంచెవుల గుత్తి. ఎవరివో తెలీదు.

"నువ్వు కింద పడలేదు బావా. పడేదానికి చోటేదీ?" అన్నాడు బావమరిది. "తల వెనక్కి వాల్చేసినావు. ఇద్దరు చంకల్లో చేతులు పెట్టి నిలబెట్టినారు. అప్పుడు చేతులు కొట్టుకున్నాయి. ఫిట్స్ ఫిట్స్ అని ఎవరో అరిచి తాళాలు పెట్టినారు." ఇనుము చేతిలో పెడితే మూర్ఛ ఆగుతుందని మావైపు అందరూ నమ్ముతారు. నాకు ఆగింది కూడా. తాళాలు పెట్టిన సమయానికే జనం కాస్త జరిగి నన్ను నేలమీద పడుకోబెట్టారు. ఆ రెండో సంగతి ఎవరికీ గుర్తులేదు, తాళాల సంగతే మిగిలింది.

చిత్తూరు వచ్చాక ఒక ఆసుపత్రిలో చూపించాం. తలకి స్కాన్ తీశారు, బాగుంది. మెదడు తరంగాలు చూసే ఈఈజీ తీశారు, అదీ బాగుంది. అయినా 'చేతులు కొట్టుకున్నాయి' అనే మాట కాగితం మీద పడింది. మాత్రలు మొదలయ్యాయి. బైక్ నడపొద్దన్నారు. పూతలపట్టు దాటి మా స్కూలుకి రోజూ బస్సులో పోయేవాణ్ణి. మధ్యాహ్నం పీరియడ్లలో బోర్డు మీద రాస్తూ రాస్తూ అక్షరం మధ్యలో ఆగిపోయేవాణ్ణి, అంత మత్తు. ఇంట్లో ఇంకో టెన్షన్. చెల్లెలి కూతురికి సంబంధాలు చూస్తున్నారు, మేనమామకి మూర్ఛ అని తెలిస్తే ఏమంటారో అని అమ్మ భయం. "మన వంశంలో ఎవురికీ లేదే నాయనా" అనేది, నేనేదో బయటినుంచి తెచ్చుకున్నట్టు.

మూడు నెలలు ఇట్లా గడిచాయి. ఈ ముడి విప్పింది డాక్టరు కాదు, ల్యాబ్‌లో రక్తం తీసే కుర్రాడు. మాత్రలు పడుతున్నాయో లేదో చూడ్డానికి రక్తపరీక్ష రాశారు. పరగడుపున పోయి కుర్చీలో కూర్చున్నాను. సూది గుచ్చాడు, గొట్టంలో రక్తం ఎక్కడం చూశాను. మళ్ళీ ఆవలింత, మళ్ళీ ఆ బావిలోంచి వచ్చే శబ్దం. ఈసారి కళ్ళు తెరిచేసరికి నేలమీద వెల్లకిలా ఉన్నాను, కాళ్ళు రెండూ కుర్చీ మీద. కుర్రాడు నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తున్నాడు.

"నాడి నలబైయే కొడతా ఉంది సార్. ఇది ఫిట్స్ కాదు సార్. రక్తం చూసి ఇట్ల పడేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు మాకు. తిరుపతిలో గుండె డాక్టరుకి చూపించుకోండి."

వాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాడు అన్న 'నలబై' అనే అంకె పట్టుకునే ఫిబ్రవరిలో తిరుపతి పోయాను.

తిరుపతిలో డాక్టరమ్మ మొదటి ఇరవై నిమిషాలు నన్ను ముట్టుకోలేదు. అడుగుతూనే ఉంది. నన్ను కాదు, బావమరిదిని. "పడేముందు ముఖం ఏ రంగులో ఉంది?" తెల్లగా పాలిపోయిందన్నాడు. "కళ్ళు?" తెరిచే ఉన్నాయి, పైకి పోయినాయి. "నాలుక కొరుక్కున్నాడా?" లేదు. "చేతులు ఎన్నిసార్లు కొట్టుకున్నాయి?" నాలుగో అయిదో. "లేచాక ఎవరితో ఉన్నాడో, ఎక్కడున్నాడో తెలిసిందా?" వెంటనే తెలిసింది మేడమ్, ఆ తాళాలు ఎవరివని అడిగినాడు. ఆమె నవ్వింది. స్కాన్ ఫిల్ములు నేను కవరుతో సహా పట్టుకొచ్చాను, వాటిని ఆఖర్న చూసింది.

ఈసీజీ, గుండె ఎకో రెండూ నార్మల్. తర్వాత టిల్ట్ టేబుల్ పరీక్ష అంది. టేబుల్ మీద పడుకోబెట్టి నిలువుగా లేపుతారు, మళ్ళీ స్పృహ తప్పుతుందేమో చూస్తారు. "అంటే నన్ను కావాలని పడేస్తారా?" అని అడిగాను. "మా కళ్ళముందు పడితేనే కదా సార్ తెలిసేది" అంది. స్పృహ తప్పేవాళ్ళకి ఈ పరీక్ష పనికొస్తుందని లండన్ డాక్టర్లు 1986లో రాశారట. అంతకుముందు నాలాంటివాళ్ళని 'కారణం తెలియలేదు' అని రాసి పంపేసేవాళ్ళు.

పరీక్ష రోజు నాలుగు గంటల ముందునుంచీ ఏమీ తినకూడదు. గది చల్లగా, మసక వెలుతురుతో ఉంది. టేబులుకి కాళ్ళ దగ్గర పాదాలు ఆనించే పలక, మోకాళ్ళ దగ్గరా ఛాతీ దగ్గరా బెల్టులు. ఒంటినిండా ఈసీజీ తీగలు. ఎడమచేతి మధ్యవేలికి చిన్న పట్టీ చుట్టారు. ప్రతి గుండె చప్పుడుకీ బీపీ ఎంతో ఆ పట్టీయే చెబుతుంది. చేతికి గాలి కొట్టే మామూలు బీపీ మిషన్ అంత చురుగ్గా చూపలేదు.

అసలు పరీక్షకి ముందు చిన్నచిన్నవి రెండు చేశారు. నాకు బాగా నచ్చింది మొదటిది. అయిదు సెకన్లు గాలి పీల్చు, అయిదు సెకన్లు వదులు అన్నారు. తెర నాకు కనబడేలా తిప్పి పెట్టారు. పీలుస్తుంటే నాడి 70, 76, 80 అని ఎక్కుతోంది. వదులుతుంటే 72, 66, 62 అని దిగుతోంది. నేను చేస్తున్నది ఊపిరి మాత్రమే, గుండె దాని వెంట నడుస్తోంది. రెండోదానికి డాక్టరమ్మ ముందు స్టెత్ పెట్టి మెడ రెండు పక్కలా విని, దవడ మూల కింద వేళ్ళతో కొన్ని సెకన్లు నొక్కి రుద్దింది. నాడి 72 నుంచి 60కి జారి మళ్ళీ లేచింది. ఇది ఇంట్లో సరదాకి చేసుకునేది కాదని గట్టిగా చెప్పింది. మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందట.

"మీ బీపీ మీటరు అక్కడుంది సార్" అంది మెడ చూపిస్తూ.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. నేను ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మెదడు కింది చివర, వెన్నుపాముకి కలిసేచోట ఉండే మజ్జాముఖం హృదయ స్పందన, శ్వాస, రక్తపీడనం లాంటి అనియంత్రిత చర్యలను నియంత్రిస్తుంది అని పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఒక మార్కు బిట్టు. ఎట్లా నియంత్రిస్తుంది సార్ అని ఒక్క పిల్లాడూ అడగలేదు, నేనూ అడగలేదు. బీపీ ఎంతుందో మజ్జాముఖానికి చెప్పేదెవరు?

చెప్పేది మెడే. తలకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని దవడ కింద రెండుగా చీలే చోట గోడ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ గోడలో నాడీ కొసలుంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే గోడ సాగుతుంది, అవి ఎక్కువసార్లు సంకేతం పంపుతాయి. ఒత్తిడి తగ్గితే సంకేతాలు పలచబడతాయి. ఇట్లాంటివే గుండె పైన బృహద్ధమని వంపులోనూ ఉన్నాయి. మెడలోవి తొమ్మిదో కపాలనాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరం) మీదుగా, వంపులోవి పదోదైన వేగస్ మీదుగా మజ్జాముఖానికి చేరతాయి. మూడు సెంటీమీటర్ల పొడవుండే ఆ ముక్క వాటిని లెక్కగట్టి రెండు దారుల్లో జవాబిస్తుంది. ఒకటి వేగస్ ద్వారా గుండెకి, అది కళ్ళెం. రెండోది వెన్నుపాము మీదుగా పోయే సింపథెటిక్ నాడులు, అవి గుండెని తరుముతాయి, రక్తనాళాలని బిగిస్తాయి.

మనం లేచి నిలబడితే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ జారుతుంది. మెడలో గోడ కొంచెం వదులవుతుంది. మజ్జాముఖం వెంటనే వేగస్ కళ్ళెం సడలిస్తుంది, ఒకటి రెండు చప్పుళ్ళలోనే నాడి పెరుగుతుంది. ఆ వెనక కొన్ని సెకన్లలో నాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా రోజుకి ఎన్నిసార్లో జరుగుతుంది, మనకి తెలియనే తెలియదు.

కళ్ళెం అన్నాను కదా, అది ఊరికే వాడిన మాట కాదు. ఇంటర్ బైపీసీలో కప్పని కోసినప్పుడు దాని గుండె తీసి సెలైన్‌లో వేస్తే చాలాసేపు కొట్టుకుంటూనే ఉండేది. అప్పట్లో గుండెకి మెదడుతో పని లేదనుకున్నాను. సగమే నిజం. గుండెకి లయ తనదే. ఏ నాడీ పట్టుకోకపోతే మనిషి గుండె నిమిషానికి దాదాపు వందసార్లు కొట్టుకుంటుంది. మనకి 70 ఉందంటే వేగస్ వెనక్కి లాగి పట్టుకున్నందువల్లే. తిరుపతిలోనే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో గుండె మార్పిడులు కూడా చేస్తున్నారు. అట్లా మార్చిన గుండెకి పాత నాడులు తెగిపోయి ఉంటాయి కాబట్టి అది ఊరికే కూర్చున్నా తొంభైకి అటూ ఇటూ కొట్టుకుంటుంది. పరిగెత్తితే వెంటనే పెరగదు, రక్తంలోకి అడ్రినలిన్ వచ్చాకే అందుకుంటుంది.

వేగస్ గుండెని ఎట్లా ఆపుతుందో తేల్చింది కూడా కప్ప గుండెలే. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊళ్ళో ఒట్టో లోవీ అనే ఆయన ఒక కప్ప గుండెకి వేగస్‌ని కదిలించి నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవం తీసి ఇంకో గుండె మీద పోశాడు. ఏ నాడీ తగలకుండానే రెండోదీ నెమ్మదించింది. ఆ ద్రవంలోని పదార్థమే ఎసిటైల్‌కోలిన్. 1921లో ప్రచురించాడు, 1936లో నోబెల్ పంచుకున్నాడు. ఈ ప్రయోగం ఆయనకి కలలో తట్టిందట. లేచి రాసుకుని పడుకుంటే పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు. మళ్ళీ రాత్రి అదే కల వస్తే ఈసారి రాయకుండా నేరుగా ల్యాబ్‌కి పోయాడు. పిల్లలకి చెప్పదగ్గ కథ ఇది, మా సిలబస్‌లో లేదు.

సరే, టేబుల్ దగ్గరికొద్దాం. పడుకుని ఉన్నప్పుడు బీపీ 118/76, నాడి 68. నన్ను డెబ్బై డిగ్రీలకి లేపారు. పూర్తి నిలువు కాదు, వెనక్కి చేరగిలబడి నిలబడ్డట్టు. కాళ్ళు కదపొద్దన్నారు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు నొక్కుకుని రక్తాన్ని పైకి తోస్తాయి, అవి కదలకపోతే రక్తం దిగినచోటే ఉండిపోతుంది. ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. నాడి 84, బీపీ మామూలే. పొద్దుపోక పైకప్పు పలకలు లెక్కబెట్టాను. నాకేమీ లేదని తేలితే మళ్ళీ ఆ మాత్రలే గతి అని దిగులు కూడా వేసింది.

అప్పుడు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టారు. అది నాళాల్ని వదులు చేస్తుంది. మొదట తల దిమ్మెక్కి గుండె దడదడలాడింది, నాడి 112. శరీరం ఎదురు పోరాడుతోంది అంది నర్సమ్మ. మూడు నిమిషాలు దాటాక ఆవలింత వచ్చింది. నాకు నవ్వొచ్చింది, పాత చుట్టం వచ్చినట్టు. "మేడమ్, వస్తా ఉంది" అన్నాను. తెరమీద అంకెలు పెద్దవే కానీ నాకు అంచులు చెరిగిపోతున్నాయి. చెవులకి మాత్రం ఇంకా వినబడుతోంది, ఎవరో "తొంభై... డెబ్బై" అంటున్నారు. చూపు ముందు పోవడానికి కారణం తర్వాత తెలిసింది. కంటిగుడ్డులో దాని ఒత్తిడి దానికుంటుంది, దాన్ని దాటుకుని రక్తం లోపలికి పోవాలి. బీపీ పడగానే ముందు తెగిపోయే దారి అదే.

తర్వాతది నాకు తెలీదు, కాగితం మీద ఉంది. నాడి 112 నుంచి 74, 41, ఆ తర్వాత అయిదు సెకన్లు గీత తిన్నగా పోయింది. పై బీపీ 58. మెదడుకి రక్తం ఆగితే ఆరేడు సెకన్లకి మించి స్పృహ నిలవదు. టేబుల్ వెంటనే దించేశారు, తల పడుకోగానే గుండె మళ్ళీ అందుకుంది. కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ బావమరిదితో మాట్లాడుతోంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ వాణ్ణి గదిలో ఒక మూల కూర్చోబెట్టింది.

"ఆరోజు జరిగింది ఇదేనా?"

"అచ్చం ఇదే మేడమ్. చెయ్యి కూడా అట్లే కొట్టుకునింది."

"రెండుసార్లు. ఆరోజు నిలబెట్టి పట్టుకున్నారు కాబట్టి ఎక్కువసార్లు. రక్తం అందని మెదడు అట్లా కొట్టుకుంటుంది. అది మూర్ఛ కాదు."

జరిగిందేమిటో నాకు మా మామిడి తోట లెక్కలో చెప్పుకుంటే అర్థమైంది. డ్రిప్పు పైపుల గేటువాల్వులన్నీ ఒక్కసారి బార్లా తీసేసి, అదే నిమిషంలో బోరు మోటారు కూడా నెమ్మది చేస్తే పైన చెట్టుకి నీళ్ళెక్కడ ఎక్కుతాయి? నాళాలని బిగించే సంకేతం ఆగిపోయింది, వేగస్ కళ్ళెం పూర్తిగా లాగింది. మోటారూ బాగుంది, పైపులూ బాగున్నాయి. తిప్పే మనిషే తిరగేసి తిప్పాడు. నాళాలు, వేగస్ రెండూ కలిశాయి కాబట్టి పేరు వేసోవేగల్. బ్రిటన్ గుండె డాక్టరు థామస్ లూయిస్ 1932లోనే దీని గురించి రాశాడు. వేగస్‌ని మందుతో అడ్డుకుంటే నాడి పెరిగింది కానీ బీపీ మాత్రం లేవలేదని ఆయన గమనించాడు. అయిదు సెకన్లు గుండె ఆగిందని విని మా ఆవిడ పేస్‌మేకర్ పెట్టించేద్దామంటే, డాక్టరమ్మ ఇదే చెప్పి వద్దంది. మోటారు ఒక్కటీ సరిచేస్తే తెరిచిన వాల్వులు మూసుకోవు.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపలేదు. నరాల డాక్టరు చెప్పినట్టు నెలన్నరపాటు తగ్గించుకుంటూ వచ్చాం.

మందులేం రాస్తారో అనుకుంటే నీళ్ళూ ఉప్పూ రాశారు. రోజుకి రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు. నాకు హై బీపీ, కిడ్నీ జబ్బు లేవని చూసుకునే, ఉప్పు కాస్త ఎక్కువే తినమన్నారు. దీంతో మా వంటింట్లో పెద్ద గొడవ. మా అమ్మకి పదేళ్ళుగా హై బీపీ, ఆమెకి ఉప్పు బంద్. "నాకు విషమన్నది నీకు మందెట్ల అయ్యిందిరా? యాడి డాక్టరమ్మరా ఆమె?" ఇప్పుడు రోజూ రెండు గిన్నెల్లో చారు. అమ్మ గిన్నెకి గుర్తుగా మా ఆవిడ పిడికి ఎర్రదారం కట్టింది. అమ్మ అడిగినదానికి జవాబు కూడా ఆ మెడలోనే ఉంది. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ మీటరు దానికే అలవాటుపడి, ఎక్కువనే సరైనదనుకుంటుంది. పైగా వయసుతో నాళాల గోడ గట్టిపడి మెడ సంకేతాలు మొద్దుబారతాయి. అందుకే అమ్మ పొద్దున లేవగానే గోడ పట్టుకుంటుంది. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమని ఇప్పుడు రోజూ నేనే చెబుతున్నాను.

ఇంకోటి నేర్పారు. ఆవలింత, చెమట మొదలైతే వెంటనే పడుకోవాలి. పడుకునే వీల్లేకపోతే కాలు మీద కాలు మెలివేసి తొడలు, పిర్రలు గట్టిగా బిగించాలి, రెండు చేతుల వేళ్ళూ కొక్కెంలా తగిలించి అటూ ఇటూ లాగాలి. కండరాలు నొక్కితే కాళ్ళలో నిలిచిన రక్తం పైకి పోతుంది. మొదట నమ్మలేదు. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని చూస్తే పై అంకె పదిహేను పెరిగింది.

ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ, వార్తలు, హెడ్‌మాస్టరు ఉపన్యాసం అయ్యేసరికి ఇరవై నిమిషాలు దాటుతుంది. నేను కాళ్ళు మెలివేసి నిలబడుతున్నాను. "ఏమి సార్, పిల్లనగ్రోవి ఒకటే తక్కువ" అన్నాడు పీఈటీ సారు. తొమ్మిదో తరగతి మగపిల్లలు కొందరు నన్ను చూసి అట్లే నిలబడ్డం మొదలుపెట్టారు. ఎక్కిరింపుకేలే. నేనేమీ అనలేదు.

జులైలో ఒకరోజు అట్లాంటి ప్రార్థనలోనే ఎనిమిదో తరగతి పాప ఒకటి ఆవలించడం చూశాను. ఒకటి కాదు, వరసగా మూడు. పెదాలు తెల్లబడ్డాయి. నేను చేరేలోపే ఒరిగింది. ఇద్దరు ఆడపిల్లలు చంకల్లో చేతులు పెట్టి లేపబోతుంటే "లేపొద్దు, పండబెట్టండి" అని అరిచాను. ఇసకలోనే పడుకోబెట్టి కాళ్ళు నా స్కూలు బ్యాగు మీద పెట్టించాను. నిమిషం కాకముందే కళ్ళు తెరిచింది. పొద్దున ఏం తిన్నావమ్మా అంటే ఏమీ తినలేదని తల అడ్డంగా ఊపింది. ఇంతలో ఆయమ్మ తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ పరిగెత్తుకొచ్చింది, "చేతిలో పెట్టండి సార్, చేతిలో పెట్టండి" అంటూ.

గుత్తి తీసుకుని వంటగది తాళంచెవి ఏదో అడిగాను. "మజ్జిగుంటే ఒక గ్లాసు తే, ఉప్పేసి."